పత్రం ఎవరి చేతి మీదుగా వచ్చింది?

(కామర్స్ విద్యార్థులు, ఆడిట్ ట్రైనీల సమావేశంలో ఒక చార్టర్డ్ అకౌంటెంట్ చేసిన ప్రసంగానికి అక్షర రూపం. చివర్లో ప్రశ్నోత్తరాల్లో కొంత భాగం.)

అందరికీ నమస్కారం.

నన్ను పరిచయం చేస్తూ ‘ముప్పై ఏళ్ల అనుభవం’ అన్నారు. ఆ ముప్పైలో మొదటి ఏడాది నేను చేసిన ఒక పొరపాటుతో మొదలుపెడతాను. మిగతా ఇరవై తొమ్మిదేళ్లూ, ఒక రకంగా చూస్తే, ఆ పొరపాటు మళ్లీ చేయకుండా ఉండడానికి పడ్డ పాట్లే.

ఆర్టికల్స్‌లో, అంటే సీఏ చదువులో భాగంగా ఆడిట్ సంస్థలో చేసే శిక్షణలో, చేరి అప్పటికి నాలుగు నెలలు. ఒక తయారీ కంపెనీలో ఇయర్ ఎండ్ ఆడిట్ జరుగుతోంది. కంపెనీకి ఖాతాలున్న బ్యాంకులన్నిటికీ ఉత్తరాలు రాసే పని మా సీనియర్ నాకు అప్పజెప్పాడు. ‘సంవత్సరం చివరి రోజున ఈ కంపెనీ పేరిట మీ దగ్గర ఎంత ఉంది, అప్పులేమైనా ఉన్నాయా, డిపాజిట్లు ఎక్కడైనా తాకట్టులో ఉన్నాయా, నేరుగా మా ఆఫీసుకి తెలియజేయండి.’ అంతే ఉత్తరం. ఇందులో తెలివితేటలతో పనేమీ లేదు. టైపు చేయించాను, కంపెనీ వాళ్లతో సంతకాలు పెట్టించాను, కవర్ల మీద అడ్రసులు రాశాను. పోస్టాఫీసుకి బయల్దేరుతుంటే ఆ కంపెనీ అకౌంటెంట్ ఎదురొచ్చాడు. పెద్దాయన, చాలా మంచివాడు. ‘నువ్వెందుకు బాబూ తిరగడం, మా అటెండర్ ఎలాగూ వెళ్తున్నాడు, ఇటివ్వు’ అన్నాడు. ఇచ్చేశాను.

రెండు వారాలకి జవాబులు వచ్చాయి. ఆయనే పిలిచి, ఒక ఫైల్లో వరసగా పెట్టి ఇచ్చాడు. బ్యాంకు ముద్రలున్నాయి, సంతకాలున్నాయి, అంకెలు కంపెనీ పుస్తకాలతో పైసలతో సహా కలిశాయి. సంబరంగా టిక్కులు కొట్టి ఫైలు తీసుకెళ్లి సీనియర్ ముందు పెట్టాను. ఆయన ఒక్కో కాగితం తిరగేశాడు. అంకెల వైపు చూడనే లేదు. తల ఎత్తి, ‘కవర్లేవీ?’ అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ‘ఇవి వచ్చిన కవర్లయ్యా. పోస్టు ముద్ర ఉంటుంది కదా. ఎక్కడ వేశారో, ఎవరి అడ్రసుకి వచ్చాయో తెలియాలి కదా.’

కవర్లు లేవు. అసలు ఆ ఉత్తరాలు మా ఆఫీసుకి రావాల్సినవి. కంపెనీకి ఎందుకొచ్చాయో నేను అడగలేదు. అన్నీ మళ్లీ రాయించాడు. ఈసారి నేనే వెళ్లి పోస్టు చేశాను. ఇంకో మూడు వారాలు పట్టింది. కంపెనీ వాళ్లు విసుక్కున్నారు, ఆ పెద్దాయన నాతో మాట్లాడడం మానేశాడు. చివరికి జవాబులు మా ఆఫీసుకి వచ్చాయి. అంకెలన్నీ సరిగ్గా అవే! ‘మొదటిసారే సరిగ్గా ఉన్నాయి కదా సార్, అనవసరంగా తిప్పలు పడ్డాం’ అని సణిగాను. దానికి మా సీనియర్, ‘సరిగ్గా ఉన్నాయని అప్పుడు వాళ్లకి తెలుసు. ఇప్పుడు మనకి తెలుసు’ అన్నాడు.

మనకి ‘లెక్కాపత్రం’ అనే మాటుంది. ‘లెక్కాపత్రం లేకుండా ఖర్చు పెట్టాడు’ అంటాం. పాతవాళ్లు రెండింటినీ కలిపి ఎందుకన్నారో గమనించండి. లెక్క ఎవరైనా రాస్తారు. దానికి పక్కన పత్రం ఉండాలి. చదువుకున్నవాళ్లం కాబట్టి మనం అక్కడిదాకా వచ్చి ఆగిపోతాం. పత్రం ఉంది కదా, ఇంకేం అంటాం. ఆ పత్రం ఎవరి చేతి మీదుగా వచ్చిందన్నది మూడో ప్రశ్న. ఈ రోజు నేను మాట్లాడేదంతా ఆ మూడో ప్రశ్న గురించే.

కార్పొరేట్ మోసాలంటే డెరివేటివ్‌లు, డొల్ల కంపెనీలు, పది పేజీల ఫుట్‌నోట్లు, మనలాంటివాళ్లకి అర్థంకాని లెక్కలు అనుకుంటాం. కొన్ని అలాంటివే, కాదనను. ఎన్రాన్ అలాంటిదే. కానీ గత పాతికేళ్లలో ప్రపంచాన్ని నివ్వెరపరిచిన పెద్ద మోసాలు మూడింటిని తీసుకుంటే, బ్యాలెన్స్ షీట్‌లో అబద్ధం దాక్కున్న చోటు స్కూలు పిల్లలకి కూడా అర్థమయ్యేది. బ్యాంకు బ్యాలెన్స్. ఉందన్న డబ్బు లేదు, అంతే.

డబ్బు దగ్గరే ఎందుకు దాక్కుంటుందో కొంచెం నిదానంగా చూద్దాం.

ఈ క్వార్టర్లో వంద అమ్ముతామని మార్కెట్‌కి మాటిచ్చారు. ఎనభై అమ్మారు. మిగతా ఇరవైకి దొంగ ఇన్వాయిస్ రాశారు. జంట పద్దు విధానంలో ఒకటి రాస్తే రెండోది రాయక తప్పదు. అమ్మకం క్రెడిట్ అయితే, డెబిట్ ఎక్కడికో వెళ్లాలి. మొదట బకాయిదార్ల ఖాతాకి వెళ్తుంది. ‘ఫలానా కస్టమర్ మాకు ఇరవై ఇవ్వాలి’ అని. బాగానే ఉంది. కానీ బకాయికి వయసుంటుంది. తొంభై రోజులు దాటితే ఆడిటర్ అడుగుతాడు, నూట ఎనభై దాటితే ఆడిట్ కమిటీ అడుగుతుంది, ‘రాని బాకీకి ప్రొవిజన్ ఎందుకు పెట్టలేదు’ అని. ప్రొవిజన్ అంటే రాకపోవచ్చని ముందే నష్టం కింద రాసుకోవడం. అది పెడితే రాసిన లాభమంతా ఆవిరి. కాబట్టి ఆ బాకీ ‘వసూలైపోవాలి’. ఇంకో ఎంట్రీ: బ్యాంకు డెబిట్, బకాయిదారు క్రెడిట్. ఇప్పుడా అబద్ధం బ్యాంకు బ్యాలెన్స్‌లోకి చేరింది. అక్కడ దానికి వయసు లేదు. బ్యాంకులో ఉన్న డబ్బుని ‘ఇంకా ఎందుకున్నావు’ అని ఎవరూ అడగరు. పైగా సంతోషిస్తారు.

అక్కడితో ఆగితే బాగుండేది. వచ్చే ఏడాది అంచనాలు ఆ వంద మీద కడతారు, నిజమైన ఎనభై మీద కాదు. పది శాతం వృద్ధి అన్నా నూట పది చూపించాలి. అబద్ధానికి కూడా గ్రోత్ రేట్ ఉంటుందన్నమాట. ఇక్కడే ఇంకో తమాషా ఉంది. అంత డబ్బు బ్యాంకులో ఉంటే దానికి వడ్డీ రావాలి కదా. లేని డబ్బుకి వడ్డీ కూడా రాయాలి! అది మళ్లీ లాభంలో కలుస్తుంది. ఇంత ఉన్నా దాన్ని ఖర్చు పెట్టే వీలు మాత్రం లేదు, ఎందుకంటే లేదు కాబట్టి. అందుకే జీతాలకో, కరెంటు బిల్లుకో అప్పు చేస్తారు. బ్యాంకులో గుట్టలు గుట్టలుగా డబ్బు, మరోపక్క అధిక వడ్డీకి అప్పు. ఈ రెండూ ఒకే బ్యాలెన్స్ షీట్‌లో కనిపిస్తే ఒక్క నిమిషం ఆగండి. మంచి కారణం ఉండొచ్చు. డబ్బు ఒక దేశంలో, ఖర్చు ఇంకో దేశంలో ఉండొచ్చు. ఆ కారణం ఏమిటో అడగండి.

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు తన బోర్డుకి రాసిన ఉత్తరాన్ని కామర్స్ చదివే ప్రతి ఒక్కరూ ఒకసారైనా చదవాలని నా అభిప్రాయం. ఇప్పుడు నేను చెప్పినవన్నీ అందులో పద్దుల వారీగా ఉన్నాయి. పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలు. అందులో 5,040 కోట్లు లేవు. లేని ఆ డబ్బు మీద రావాల్సిన వడ్డీ అని చూపించింది 376 కోట్లు. చూపించని అప్పు 1,230 కోట్లు. ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపిన బకాయిలు 490 కోట్లు. 2008 సెప్టెంబర్‌తో ముగిసిన ఒక్క క్వార్టర్లో 2,700 కోట్ల ఆదాయం, 649 కోట్ల ఆపరేటింగ్ మార్జిన్ (వ్యాపారం నడిపే ఖర్చులు పోగా మిగిలేది) ప్రకటించారు. అసలు ఆదాయం 2,112 కోట్లు, అసలు మార్జిన్ 61 కోట్లు. శాతాల్లో చెప్పాలంటే 24 అన్నది నిజానికి 3. మార్కెట్ ముందు మూడు శాతం మార్జిన్‌తో నిలబడలేక ఇదంతా.

ఆ ఉత్తరంలో అందరికీ గుర్తుండిపోయింది పులి మీద స్వారీ మాట. దిగితే పులి తినేస్తుంది, ఎలా దిగాలో తెలియలేదన్నాడు. నాకు మాత్రం ఇంకో వాక్యం ఎక్కువ గుర్తుంటుంది. దానికి మూడు వారాల ముందు, డిసెంబర్ 16న, రాజు కుటుంబానికే చెందిన మేటాస్ అనే స్థిరాస్తి, నిర్మాణ కంపెనీలు రెండింటిని 160 కోట్ల డాలర్లకి సత్యం కొంటున్నట్టు ప్రకటించారు. సత్యం అన్న ఇంగ్లిష్ స్పెల్లింగ్‌ని తిరగేస్తే వచ్చేదే ఆ పేరు. వాటాదారులు మండిపడితే గంటల్లో వెనక్కి తీసుకున్నారు. లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులు పెట్టడానికి చేసిన చివరి ప్రయత్నం అదేనని ఆ ఉత్తరంలో రాశాడు. ఆలోచించండి. లేని డబ్బుతో కొంటారు. ఆ కొనుగోలు జరిగితే లేని డబ్బు ‘ఖర్చయిపోయేది’, దాని స్థానంలో నిజమైన భూములు వచ్చి కూర్చునేవి. పుస్తకం శుభ్రం! అకౌంటింగ్ తెలిసినవాడి బుర్ర అంటే ఏమిటో అక్కడ తెలుస్తుంది. అందుకే భయపడాలి కూడా.

మరి 5,040 కోట్లు లేవని ఆడిట్‌లో ఎందుకు తెలియలేదు? అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 2011 ఏప్రిల్‌లో ఇచ్చిన ఉత్తర్వు చూస్తే నాకు మా సీనియర్ గుర్తొచ్చాడు. బ్యాంకులకి కన్ఫర్మేషన్ లెటర్లు పంపడం, జవాబులు అందుకోవడం, రెండూ ఆడిటర్లు కంపెనీ యాజమాన్యానికే వదిలేశారని అందులో ఉంది. అంటే నేను ఆ రోజు అటెండర్‌కి ఇచ్చిన కవర్లే. దొంగ చేతికి తాళాలివ్వడం అంటాం చూడండి, అది. ఆ ఉత్తర్వుతో, సత్యంకి ఆడిట్ చేసిన ప్రైస్ వాటర్‌హౌస్ భారత సంస్థలు ఆరోపణలని ఒప్పుకోకుండా, కాదనకుండా 60 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకున్నాయి. ఇక్కడ మన మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2018లో వాటి మీద విధించిన రెండేళ్ల నిషేధాన్ని 2019లో అప్పీలు ట్రిబ్యునల్ కొట్టేసింది. తెలిసి చేసిన మోసం వేరు, అజాగ్రత్త వేరు అనే తేడా చట్టానికి ఉంది, ఉండాలి కూడా. కానీ డబ్బు పోగొట్టుకున్నవాడికి ఆ తేడాతో ఏం ఒరుగుతుంది?

ఇంకో మాట. 2008 సెప్టెంబర్‌లోనే, అంటే మూడు శాతాన్ని ఇరవై నాలుగని రాస్తున్న ఆ నెలలోనే, సత్యంకి కార్పొరేట్ గవర్నెన్స్‌లో గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. అవార్డులిచ్చేవాళ్లు కూడా పత్రాలే చూస్తారు మరి.

దానికి అయిదేళ్ల ముందు, 2003 డిసెంబర్. ఇటలీలో పర్మలాత్ అనే పాల ఉత్పత్తుల కంపెనీ. ముప్పై దేశాల్లో వ్యాపారం. లెక్కల ప్రకారం చేతిలో దాదాపు 400 కోట్ల యూరోలు. కానీ డిసెంబర్ 8న కట్టాల్సిన 15 కోట్ల యూరోల బాండు గడువుకి కట్టలేకపోయింది! ఇందాక చెప్పాను కదా, గుట్టలు గుట్టలుగా డబ్బు, పక్కనే కటకట. ఆ డబ్బులో 395 కోట్లు కేమన్ దీవుల్లోని బోన్‌లాత్ అనే అనుబంధ కంపెనీ పేరిట బ్యాంక్ ఆఫ్ అమెరికాలో ఉన్నాయని ఒక ఉత్తరం ఆడిటర్ల ఫైల్లో ఉంది. డిసెంబర్ 19న ఆ బ్యాంకు ఒక్క ముక్క చెప్పింది: ఆ పత్రం మాది కాదు.

ఎలా తయారు చేశారంటే, బ్యాంకు లోగోని స్కాన్ చేసి, కాగితం మీదికి ఎక్కించి, దాన్ని ఫ్యాక్స్ మెషీన్‌లో పెట్టి తిప్పారు. ఫ్యాక్స్‌లో వస్తే అక్షరాలు చెదిరిపోతాయి, అంచులు మసకబారతాయి. అప్పుడు కత్తిరింపులు, అతుకులు కనపడవు. నిజమైన కాగితంలా ఉంటుంది. నాలుగు వందల కోట్ల యూరోలకి ఆధారం మసకబారిన ఒక కాగితం. నాకు ఇందులో దిగ్భ్రాంతి కలిగించేది మోసం పెద్దది కావడం కాదు, పనిముట్లు అంత చిన్నవి కావడం.

తర్వాత వైర్‌కార్డ్. జర్మనీలో డిజిటల్ చెల్లింపుల కంపెనీ. 2018లో అక్కడి ప్రధాన సూచీ డాక్స్‌లోకి చేరింది, అదీ ఒక శతాబ్దంన్నర చరిత్ర ఉన్న కామర్జ్‌బ్యాంక్‌ని పక్కకి నెట్టి. ఇక్కడ బ్యాంకు బ్యాలెన్స్ కొంచెం మెలిక తిరిగింది. డబ్బు కంపెనీ పేరిట కాదు, ఒక ట్రస్టీ నడిపే ఎస్క్రో ఖాతాల్లో, అంటే మూడో మనిషి చేతిలో భద్రంగా ఉంచే ఖాతాల్లో, ఉందన్నారు. కాబట్టి కాగితాలిచ్చేది ట్రస్టీ. బ్యాంకుని నేరుగా అడిగే పని ఏళ్ల తరబడి జరగలేదని తర్వాత పత్రికల్లో వచ్చింది. ఖాతాలు మొదట సింగపూర్‌లో అన్నారు, తర్వాత ఫిలిప్పీన్స్‌కి మారాయన్నారు. 2020 జూన్‌లో అక్కడి రెండు బ్యాంకులు ఆ పత్రాలు నకిలీవని తేల్చేశాయి. ఆ దేశపు సెంట్రల్ బ్యాంకు, అసలా డబ్బు మా దేశంలోకే రాలేదంది. 190 కోట్ల యూరోలు బహుశా లేకపోవచ్చని జూన్ 22న కంపెనీ ఒప్పుకుంది. ‘బహుశా’ అట! 25న దివాలా పిటిషన్ వేసింది. ఆడిట్ చేసిన ఈవై మీద జర్మనీ ఆడిట్ నియంత్రణ సంస్థ 2023లో 5 లక్షల యూరోల జరిమానా వేసి, ప్రజా ప్రాధాన్యమున్న కంపెనీల కొత్త ఆడిట్లు రెండేళ్లు తీసుకోకూడదంది.

వైర్‌కార్డ్‌లో నాకు కోపం తెప్పించేది వేరే. ఫైనాన్షియల్ టైమ్స్ విలేకరులు ఏళ్ల తరబడి ప్రశ్నలు వేస్తూనే ఉన్నారు. 2019లో జర్మనీ మార్కెట్ రెగ్యులేటర్ ఏం చేసిందో తెలుసా? ఆ షేరుని షార్ట్ సెల్లింగ్ చేయకూడదని, అంటే ధర పడుతుందని పందెం కాయకూడదని, రెండు నెలలు నిషేధించింది. ప్రశ్నలడిగిన విలేకరుల మీద క్రిమినల్ ఫిర్యాదు చేసింది. కంచే చేను మేసిందని అనను. చేను మేస్తున్న పశువుని వదిలేసి, ‘పశువు పడింది’ అని అరిచినవాడి మీదికి కర్ర ఎత్తింది కంచె.

ఈ అడగడమనేది ఏదో కొత్త నియమం అనుకోకండి. 1938లో అమెరికాలో మెకెసన్ అండ్ రాబిన్స్ అనే మందుల కంపెనీ ఉండేది. దాని అధ్యక్షుడు కోస్టర్ అనే పెద్దమనిషి అసలు పేరు ఫిలిప్ మ్యూజికా, అప్పటికే రెండుసార్లు శిక్ష పడ్డవాడు. పుస్తకాల్లో 8.7 కోట్ల డాలర్ల ఆస్తులు. అందులో 1.9 కోట్లు లేని సరుకు, లేని బాకీలు. ఆడిటర్లు గోదాముకి వెళ్లి సరుకు చూడలేదు, బాకీదార్లకి ఉత్తరం రాయలేదు. తప్పేమీ కాదు, అప్పటికి అది తప్పనిసరి కాదు! కాగితాలు చూసేవారు, అంతే. ఆ గొడవ తర్వాత, 1939లో, సరుకు కళ్లతో చూడాలి, బాకీలు బాకీదార్లనే అడిగి ఖాయం చేసుకోవాలి అని వృత్తి సంఘం నిబంధన పెట్టింది. ఆ ఆడిటర్ల సంస్థ కూడా ప్రైస్ వాటర్‌హౌసే కావడం చరిత్ర చేసిన వింత. తీసుకున్న ఫీజు వాళ్లు తిరిగిచ్చేశారు. ఇంకా వెనక్కి వెళ్తే, 1896లో కింగ్‌స్టన్ కాటన్ మిల్ కేసులో ఇంగ్లండ్ జడ్జి లోప్స్, ఆడిటర్ కాపలా కుక్కే గాని వేట కుక్క కాదన్నాడు. మీరు పరీక్షలో రాసే ఉంటారు. సరే, వేటాడొద్దు. కాపలా కుక్కైనా కొత్తవాడొస్తే వాసన చూస్తుంది కదా?

నిబంధన ఉంది. అంతర్జాతీయ ఆడిటింగ్ ప్రమాణం 505 సూటిగా చెబుతుంది: అభ్యర్థన పంపడం మీద అదుపు ఆడిటర్‌దే, జవాబు ఆడిటర్‌కే నేరుగా రావాలి. అయినా ఎందుకు జరగదు?

నా అభిప్రాయంలో మొదటి కారణం మొహమాటం. నవ్వకండి. ఈ మాటకి ఇంగ్లిష్‌లో సరైన మాట లేదు, అందుకే ఏ కమిటీ నివేదికలోనూ ఈ కారణం కనపడదు. నాలుగు నెలలు వాళ్ల ఆఫీసులో కూర్చుంటాం. వాళ్లే కుర్చీ వేస్తారు, వాళ్లే కాఫీ తెప్పిస్తారు, పిల్లల చదువుల గురించి మాట్లాడుకుంటాం. అలాంటి మనిషి చేతిలోంచి కవరు వెనక్కి లాక్కోవడమంటే ‘నిన్ను నమ్మడం లేదు’ అని మొహం మీద అన్నట్టు అనిపిస్తుంది. నాకు ఆ రోజు అనిపించింది అదే. నిజానికి ఆయన్ని అనుమానించడానికి నా దగ్గర ఏ కారణమూ లేదు. అనుమానం వస్తేనే అడగాలనుకోవడంలోనే తిరకాసంతా ఉంది. అనుమానం ఉన్నా లేకపోయినా ప్రతిసారీ, ప్రతి ఒక్కరినీ అడిగితే అది అవమానం కాదు, పద్ధతి అవుతుంది. ఒక్కరిని మినహాయిస్తే చాలు, మిగతావాళ్లని అడగడం అవమానమైపోతుంది.

రెండోది, ఈ పని ఎవరికిస్తామో చూడండి. ఆడిట్ టీంలో అందరికంటే చిన్నవాడికి. పన్నుల లెక్కలు, గుడ్‌విల్ విలువలు పార్ట్‌నర్లు చూస్తారు. బ్యాంకు ఉత్తరాలు నాలుగు నెలల ట్రైనీ చూస్తాడు. బోర్డులోనూ అంతే. విలీనాల మీద గంటన్నర చర్చ, బ్యాంకు బ్యాలెన్స్ మీద అర నిమిషం కూడా ఉండదు. మూడోది అందరికీ తెలిసిందే, ఫీజు ఇచ్చేది ఎవరిని పరీక్షించాలో వాళ్లే. దాని గురించి నేను కొత్తగా చెప్పగలిగింది లేదు.

బయటివాళ్లు అడగకపోయినా లోపలివాళ్లు అడగొచ్చు. 2002లో అమెరికా టెలికాం కంపెనీ వరల్డ్‌కామ్‌లో అదే జరిగింది. అక్కడ మోసం బ్యాంకులో లేదు. ఇతర టెలికాం కంపెనీల లైన్లు వాడుకున్నందుకు కట్టే సొమ్ము రోజువారీ ఖర్చు. దాన్ని ఖర్చు కింద రాయకుండా ఆస్తి కింద రాశారు. అద్దె కట్టి ఇల్లు కొన్నానన్నట్టు. ఇంటర్నల్ ఆడిట్ చూసే సింథియా కూపర్, ఆమె టీం రాత్రిళ్లు కూర్చుని ఆ ఎంట్రీలు ఒక్కొక్కటే వెతికి పట్టుకున్నారు. పగలు వెతికితే ఎవరికైనా తెలిసిపోతుందని. ‘దీనికి ఆధారం ఏది?’ అని లెక్కలు చూసే పెద్ద అధికారిని, కంట్రోలర్‌ని, నేరుగా అడిగింది. ఆధారం లేదని ఆయన ఒప్పుకున్నాడు. జూన్‌లో బయటపెట్టింది 380 కోట్ల డాలర్లు, చివరికి తేలింది దాదాపు 1,100 కోట్లు. సీఈఓ ఎబర్స్ కోర్టులో, నాకు అకౌంటింగ్ తెలియదు, ఏం జరుగుతోందో తెలియదు అన్నాడు. జ్యూరీ నమ్మలేదు. 2005లో 25 ఏళ్ల శిక్ష పడింది.

‘నాకు తెలియదు’ అనే ఇలాంటి మాట ఇకముందు చెల్లకుండా చేయడానికే, ఆ శిక్షకి ముందే, 2002లో అమెరికా సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం తెచ్చింది. సీఈఓ, సీఎఫ్ఓ ఇద్దరూ లెక్కల మీద స్వయంగా ధ్రువీకరణ సంతకం పెట్టాలి. తర్వాత చాలా దేశాలు ఏదో ఒక రూపంలో అదే దారి పట్టాయి. సంతకాలు పెరిగాయి. కానీ సంతకం పెట్టే ముందు కింది ఆఫీసర్ల దగ్గర సబ్-సర్టిఫికెట్లు తీసుకునే అలవాటు కూడా పెరిగింది. పైవాడు కిందివాడి సంతకం చూసి పెడతాడు, కిందివాడు ఇంకా కిందివాడిది చూసి. అట్టడుగున ఎవడో ఒకడు కంప్యూటర్ ముందు కూర్చుని పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేస్తుంటాడు. మీలో చాలామంది రేపు ఆ కుర్చీలోనే కూర్చుంటారు. అందుకే ఈ సోదంతా బోర్డు డైరెక్టర్లకి కాకుండా మీకు చెబుతున్నాను.

చివరగా ఒక చిన్న కిటుకు చెప్పి ఆపేస్తాను, మీరు ప్రశ్నలడగాలి. ఏ కంపెనీ వార్షిక నివేదిక అయినా తీసుకోండి. డిపాజిట్ల మీద వచ్చిన వడ్డీని, ఏడాది మొదటి, చివరి నిల్వల సగటుతో భాగించండి. మార్కెట్లో ఏడు శాతం వస్తుంటే ఇక్కడ రెండే వచ్చిందనుకోండి, రెండు కారణాల్లో ఒకటి. క్వార్టర్ చివరి రోజున మాత్రమే డబ్బు ఉండి, మిగతా రోజుల్లో లేకపోవచ్చు. లేదా ఎప్పుడూ లేకపోవచ్చు. ఇది రుజువు కాదు, ప్రశ్న మాత్రమే. రెండు నిమిషాల పని. అయితే సత్యంలోలా వడ్డీ కూడా కల్పితమే అయితే ఈ లెక్క చక్కగా కుదురుతుంది, మిమ్మల్ని నిద్రపుచ్చుతుంది. కాబట్టి దీన్నీ పూర్తిగా నమ్మకండి.

(ప్రశ్నలు)

ఒక విద్యార్థిని: సార్, మీరు చెప్పిన కవర్లు, పోస్టు ముద్రలు, ఫ్యాక్స్ అన్నీ పాత రోజులవి. ఇప్పుడు బ్యాంకు కన్ఫర్మేషన్లు పోర్టల్‌లో వస్తున్నాయి. ఇంకా ఈ సమస్య ఉంటుందా?

మంచి ప్రశ్న. పోర్టల్ నిజంగా బ్యాంకుది అయితే, లాగిన్ మీ సంస్థది అయితే, సమస్య చాలావరకు తీరినట్టే. నేనూ సంతోషిస్తాను, పోస్టాఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. కానీ పోర్టల్‌లో లేని బ్యాంకులున్నాయి, విదేశీ శాఖలున్నాయి, వైర్‌కార్డ్‌లోలా ట్రస్టీలుంటారు. స్క్రీన్‌షాట్ పంపిస్తామంటారు. వీడియో కాల్‌లో నెట్ బ్యాంకింగ్ తెరిచి చూపిస్తామంటారు. స్క్రీన్ మీద కనిపించేదాన్ని తయారు చేయడం, ఆ ఫ్యాక్స్ కాగితం తయారు చేయడం కంటే ఇప్పుడు తేలిక. మసకబార్చాల్సిన అవసరం కూడా లేదు.

మరో విద్యార్థి: మేము ఈమెయిల్‌లో పంపిస్తున్నాం సార్. జవాబు కూడా నేరుగా మా ఆఫీసు మెయిల్‌కే వస్తుంది. క్లయింట్‌ని సీసీలో కూడా పెట్టం.

చాలా బాగుంది. ఆ బ్యాంకు మేనేజర్ ఈమెయిల్ అడ్రస్ మీకు ఎక్కడ దొరికింది?

విద్యార్థి: అది... క్లయింట్ లిస్ట్ ఇచ్చారు సార్. ఎక్సెల్‌లో.

(నవ్వులు)

కూర్చో నాయనా, నిన్ను అనడం లేదు. నేనైతే కవర్లే ఇచ్చేశాను.